కరెంటు పోయినా ఆగని చప్పట్లు

నమ్మకపోతే మానండి. కథలల్లే ఓపిక నాకు లేదు. పొద్దంతా మెదక్‌లో బట్టల దుకాణంలో నిలబడి, ఇంటికొచ్చి అత్తమ్మకు స్నానం, తిండి, మందులు... అబద్ధం చెప్పడానికైనా కాస్త బలం ఉండాలి కదా.

పక్షవాతం వచ్చాక అత్తమ్మకు మాట పోయింది. కుడిచెయ్యి పూర్తిగా పడిపోయింది. ఆ రాత్రి మా ఆయన కుల్చారంలో పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లాడు. ఇంట్లో మేమిద్దరమే. అత్తమ్మ ముద్ద నోట్లోనే ఉంచుకుంటోంది. మింగదు. ఏం చేయాలో తోచక టీవీలో ఇంటర్నెట్ పెట్టాను. ఆమె పెళ్లైన కొత్తలో, వాడకట్టంతా ఒకే ఇంట్లో చేరి చూసిన పాత వినోద కార్యక్రమం కోసం వెతికాను.

దొరికింది. నలుపు తెలుపు బొమ్మ. వణుకుతోంది. ఒకాయన పాట. తర్వాత మిమిక్రీ. ఆ తర్వాత కోటు తొడుక్కున్న ఇంద్రజాలికుడు. ప్రతిదానికీ చప్పట్లు.

అత్తమ్మ కళ్లు మెరిశాయి. ముద్ద మింగింది.

"సూడుండ్రి అత్తమ్మా, మస్తుగుంది గదా," అన్నాను.

గిన్నె ఖాళీ అయింది. ఆమె చేతులు దుప్పటి లోపల పెట్టి కప్పాను. కుర్చీలోనే నాకు కళ్లు మూతలు పడుతున్నాయి...

ఠక్కున కరెంటు పోయింది. తెర నల్లబడింది.

చప్పట్లు ఆగలేదు.

టప్... టప్... టప్...

గుంపువి కావు. ఒక్కరివే. తొందర లేకుండా. టీవీ వైపు నుంచే...

నాకు భయం కన్నా ముందు ఏడుపొచ్చింది. ఇంకా ఇది కూడానా, దేవుడా అని.

"అయిపోయింది... జర పండుకోనియ్యుండ్రి," అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు.

ఆగిపోయాయి.

ఫోన్ లైటు వేశాను. టీవీ దగ్గర ఎవరూ లేరు. మంచం మీద అత్తమ్మ కళ్లు తెరుచుకుని నన్నే చూస్తోంది. దుప్పటి నేను కప్పినట్టే ఉంది. మెల్లగా తీశాను...

రెండు అరచేతులూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. పట్టుకుంటే వేడి. కుడిది కూడా.

తెల్లారి చెబితే మా ఆయన సంబరపడ్డాడు. "అమ్మ చెయ్యి మల్ల వస్తున్నట్టే గదనే! నడువు, దవాఖానకు పోదాం."

డాక్టరు ఆ చేతిని ఎత్తి వదిలాడు. దబ్బున పడింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ పడింది.

"దీంట్ల తాకత్ లేదమ్మా. నిద్ర లేక కలగన్నవేమో," అన్నాడు.

దారిలో మా ఆయన ఒక్కటే మాట అన్నాడు. "గట్ల ఆశ వెట్టకు."

చప్పుడు మంచం వైపు నుంచి రాలేదని ఆయనకు ఎలా చెప్పను?

కలే కావచ్చు. కానీ ఆ వేడి... నా చేత్తో పట్టుకుని చూశాను.

ఇప్పుడు రోజూ అన్నం వేళకు అత్తమ్మ టీవీ వంక చూస్తుంది. ఆ పాత కార్యక్రమం పెడితే తింటుంది, నాకు తెలుసు.

"కరెంటు లేదత్తమ్మా," అంటాను.

ఆమె పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూస్తుంది. తర్వాత నా వంక.