గేటు అవతలి ఏడు పేర్లు

శనివారం మధ్యాహ్నం, నేను పనిచేసే వృద్ధుల ఆశ్రమం లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంటే డాక్టరుగారి భార్య ఫోన్ చేశారు. "బ్రదర్, ఆయన లేరండీ. పెద్దరోడ్డు మీద కారు గుద్దింది. సైకిలు మీద ఉన్నారు" అన్నారు. ఫోన్ పెట్టేసి, మడతపెట్టిన దుప్పటినే విప్పి మళ్ళీ మడతపెట్టాను. ఇరవై ఏళ్ళుగా ఆదివారాలు మా తెలుగు సంఘానికి బైబిలు వాక్యం చెబుతున్నవాణ్ణి.

ఐర్లండులో ఈ ములింగార్ చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ ఆయన మత్తు డాక్టరుగారు. ఆపరేషన్‌కి ముందు నిద్రపుచ్చి, అయ్యాక లేపే మనిషి. ఆయన పేరు ఇక్కడ రాయను. జీవితమంతా ఇతరుల పేర్ల కోసం తిరిగారు, తన పేరు ఎక్కడా వేసుకోలేదు.

అంత్యక్రియల దగ్గర నేను విన్న మొదటి మాట, "కారుండగా ఈ వయసులో ఆ బురద సైకిలు పిచ్చేమిటండీ." రెండోది, "చెప్పినా వినేవాడు కాదు." టీ కప్పులు పట్టుకుని, చనిపోయిన మనిషి మీదికే తప్పు తోసేస్తున్నారు. బైబిల్లో కష్టాల్లో ఉన్న యోబు పక్కన చేరి నీదే ఏదో పాపం అయ్యుంటుందని వాదించిన స్నేహితులు గుర్తొచ్చారు. వాళ్ళయినా నయం, ముందు ఏడు రోజులు నోరు మూసుకుని నేల మీద కూర్చున్నారు. వీళ్ళు ఏడు నిమిషాలు ఆగలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆయన్ని సైకిలు చంపలేదు. ఆయన ఆ రోడ్డెక్కాల్సిన అవసరం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ఆ తప్పులో నా వాటా ఉంది. అదీ రాస్తాను.

ఆయనది రోడ్డు మీద తొక్కే సైకిలు కాదు. లావు టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు, కొండదారుల్లో రాళ్ళమీద దూకించే బండి. మూడేళ్ళ కిందట తన పాతది నాకిచ్చారు. "నడుం నొప్పి, నడుం నొప్పి అని కనబడినప్పుడల్లా మందు అడుగుతారు. ఇదే మందు, ఎక్కండి" అన్నారు. ఇస్త్రీ ప్యాంటుతో వెళ్ళాను. మొదటి దిగుడులోనే పచ్చపూల ముళ్ళపొదలో పడ్డాను. ఆయన పైనుంచి తొంగిచూసి, "ఏం బ్రదరూ, పొద మండుతోందా?" అన్నారు. పడ్డచోటినుంచి లేవకుండానే, "అది నిర్గమకాండం మూడో అధ్యాయం, మండే పొదలోంచి దేవుడు మోషేని జోళ్ళు విప్పమన్న చోటు, వేళాకోళం చేయొద్దు" అన్నాను. "తెలుసండీ. పదేళ్ళు మిషన్ స్కూల్లో మీవాళ్ళ చేత తన్నులు తిన్నాను" అని చెయ్యందించారు. ఆయన మా సంఘం మనిషి కాదు. ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం ఉండేది. అయినా నాకన్నా ముందు వచనం అందుకునేవారు.

ఈ దేశంలో సందు మలుపుల్లో, వంతెనల పక్కన, ఆవులు మేసే పొలాల గట్లమీద చిన్న చిన్న శిలువలు, రాళ్ళు కనిపిస్తాయి. ఫలానావాణ్ణి ఇక్కడ కాల్చి చంపారు అని చెక్కి ఉంటుంది. వందేళ్ళ కిందటి స్వాతంత్ర్య యుద్ధాలు. కార్లలో పోయేవాళ్ళకు అవి కనబడవు. ఆయన ప్రతి రాయి దగ్గరా ఆగేవారు. సైకిలు గడ్డిలో పడుకోబెట్టి, బూట్లు విప్పి, మేజోళ్ళు కూడా విప్పి, ఆ చలిలో తడిగడ్డి మీద ఉత్తకాళ్ళతో నిలబడేవారు. జేబులోంచి పళ్ళ బ్రష్షు తీసి అక్షరాల్లో పట్టిన నాచు గీకేవారు. తర్వాత పేర్లు పైకి చదివేవారు, ఒక్కొక్కటీ, తొందర లేకుండా.

ఎందుకని అడిగాను. "మత్తు ఇచ్చే ముందు ప్రతి రోగినీ పేరు అడుగుతాం. చేతికి పట్టీ ఉంటుంది, ఫైలుంటుంది, అయినా అడుగుతాం. వాళ్ళ నోటితో చెప్పించకుండా నిద్రపుచ్చకూడదు. వీళ్ళని పేరడక్కుండా నిద్రపుచ్చారు బ్రదరూ" అన్నారు.

అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైనది కొండమీది అడవిలో ఉన్న రాయి. దానిమీద ఏడు పేర్లు. నలుగురు ఇంగ్లీషు రాజుగారి యూనిఫాం వేసుకుని మొదటి ప్రపంచయుద్ధంలో పరదేశంలో పోయారు. ముగ్గురు కొన్నేళ్ళ తర్వాత అదే రాజుగారి సైనికుల తుపాకులకు ఈ కొండమీదే పోయారు. అందరూ ఒకే ఊరివాళ్ళు, ఒకే బడిలో చదివినవాళ్ళు. శత్రువు యూనిఫాం వేసుకున్నారని ఆ నలుగురి పేర్లు ఎత్తడానికే ఇక్కడివాళ్ళు చాలాకాలం జంకారట. అడవి కింద మొదటి ఇంట్లో ఉండే పెద్దావిడ చెప్పింది. ఆ నలుగురిలో ఒకరు ఆవిడ పెదనాన్న. ఆ యూనిఫాం ఫోటో వాళ్ళమ్మ ప్రెస్సులో, అంటే వంటింటి అలమరలో, పళ్ళేల కింద బోర్లించి పెట్టేదట. చివరికి ఊరివాళ్ళంతా కలిసి ఏడుగురినీ ఒకే రాతిమీదికి ఎక్కించారు. ఎనభై దాటిన ఆవిడ చక్రాల స్టాండు తోసుకుంటూ ప్రతి వారం అక్కడికి నడిచేది.

పోయిన చలికాలం ఆ అడవిని ఒక కలప కంపెనీ కొన్నది. దారికి అడ్డంగా ఇనపగేటు పెట్టి తాళం వేసింది. ఎవరైనా జారిపడితే ఇన్సూరెన్సు గొడవ, అందరి భద్రత కోసం అని బోర్డు రాసింది. లారీలు మాత్రం పోతాయి. బైబిల్లో నాబోతు ద్రాక్షతోట కావాలని ఏడ్చి, అతన్ని చంపించి లాక్కున్న రాజు కూడా భద్రత కోసం అనే మాట వాడలేదు.

రెండోవైపునుంచి ఇంకో దారి ఉంది. పెద్దరోడ్డు మీద చుట్టూ తిరిగి, కారు ఆపే చోటు లేని మలుపులో కంచె మీది మెట్లెక్కి దూకాలి. ఆ పెద్దావిడ వల్ల కాదు. డాక్టరుగారు ఆ పని తనమీద వేసుకున్నారు. శనివారం శనివారం ఆవిడ తోటలో పూలు కోయించుకుని, లారీల పక్కన ఆ రోడ్డుమీద తొక్కుకుంటూ వెళ్ళి, ఏడు పేర్లూ చదివి, తిరిగొచ్చి ఆవిడ గుమ్మంలో నిలబడేవారు. "చదివారా?" అని ఆవిడ అడిగేది. "చదివానమ్మా." అంతే. నేను కూడా రెండుసార్లు వెంట వెళ్ళాను. ఆ రోడ్డు చూస్తే నాకు భయం.

గేటు తీయించాలని ఆయన అర్జీ రాశారు. ఈ పారిష్‌లో అంటే ఈ చర్చి పరిధిలోని ఊళ్ళలో, నివసించేవాళ్ళు తగినంతమంది సంతకాలు పెడితే కౌన్సిల్లో పెడతానని ఒక సభ్యుడు అన్నాడు. కింద కొత్త ఎస్టేటులో, అంటే కాలనీలో, ఇళ్ళన్నీ మా సంఘంవాళ్ళవే. ఆదివారం ఆయన అర్జీ పట్టుకుని కమ్యూనిటీ హాల్లో మా ఆరాధనకు వచ్చారు, వెనక వరసలో కూర్చున్నారు. నేను ఆ రోజు ఇశ్రాయేలీయులు విగ్రహం చేసుకుని మొక్కిన బంగారు దూడ మీద చెప్పాను. ఎవరి గురించో అందరికీ తెలుసు. అయిపోయాక ఆయన కాగితం చాపితే, "రాతికి బూట్లు విప్పి మొక్కేవాళ్ళ కాగితం మీద మా సంఘం సంతకం పడదు" అన్నాను, అందరూ వింటుండగా.

ఆయన కోపగించుకోలేదు. తలుపు వైపు చూశారు. "గుమ్మం బయట అన్ని జోళ్ళు ఉన్నాయేమిటి బ్రదరూ? ఎవరికి విప్పారు?"

అరవైమందిమి, ఐర్లండు వానలో, ఊళ్ళో అలవాటు ప్రకారం జోళ్ళన్నీ వరండాలో విడిచి లోపల కూర్చున్నాం. హాలు చూసుకునే ఐరిష్ ఆయన కూడా మొదట్లో అడిగాడు, ఇదేమిటని. దేవుడి సన్నిధి అని నేనే గర్వంగా చెప్పాను. డాక్టరుగారు కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, "టీ బావుంది, అల్లం బాగా వేశారు" అని వెళ్ళిపోయారు.

సంతకాలు చాలలేదన్నారు. గేటు మూసే ఉంది. నేను కాదన్న ఆదివారం తర్వాత ఆరో వారం ఆయన పోయారు. సంచిలో పూలు ఉన్నాయని గార్డు, అంటే ఇక్కడి పోలీసు, చెప్పాడు.

ఇప్పుడు చెప్పండి, సైకిలు చంపిందా? తాళం వేసినవాళ్ళు ఉన్నారు, లెక్క చాలలేదన్నవాళ్ళు ఉన్నారు, వాక్యం చేతపట్టుకుని అడ్డం నిలబడ్డ నేనున్నాను. తమ్ముణ్ణి చంపిన కయీనును దేవుడు అడిగిన ప్రశ్న, నీ తమ్ముడెక్కడ అని, నా లాండ్రీలో, బస్సులో, భోజనం దగ్గర వినబడుతూనే ఉంది.

తర్వాతి ఆదివారం ప్రసంగం చెప్పలేదు. యెహోషువ యొర్దాను నది నడిమధ్య నుంచి పన్నెండు రాళ్ళు ఎత్తించి నిలబెట్టాడు, ఇవేమిటని పిల్లలు అడిగితే చెప్పడానికి. ఆ అధ్యాయం ఎన్నిసార్లు చదివి వినిపించానో. "అవి విగ్రహాలని ఎప్పుడైనా అన్నానా? మరి ఆయన్ని ఎందుకన్నాను?" అని అడిగాను. డాక్టరుగారి భార్య దగ్గర్నుంచి తెచ్చిన అర్జీ బల్లమీద పెట్టి ముందు నేను సంతకం చేశాను. ఒక అక్క పెన్ను అందుకుంటూ, "ఆ రోజే పెడదామనుకున్నాను బ్రదర్, మీకు భయపడ్డాను" అంది. అంతకన్నా గట్టి దెబ్బ ఇంతవరకు నాకెవరూ కొట్టలేదు.

గురువారం పొద్దున్నే ఆరుగురం ఆ పెద్దావిడ ఇంటికి వెళ్ళాం. ఎలా ఉన్నారని అడిగితే "గ్రాండ్" అంది, ఇక్కడివాళ్ళు కాలు విరిగినా అనే మాట. "ఆయన పోయిన శనివారం నుంచి అక్కడ ఎవరూ చదవలేదు" అని తనే స్టాండు అందుకుంది. గేటు దాకా వెళ్ళి నిలబడ్డాం. వెనక నుంచి కంపెనీ లారీ వచ్చింది. డ్రైవరు కిటికీలోంచి, "మీరు పక్కకి జరగాలి" అన్నాడు. నేను నాబోతు తోట కథ దగ్గర్నుంచి వాదన మొదలుపెట్టాను. పెద్దావిడ నా మోచేయి మీద తట్టి, "కాస్త ఊరుకో నాయనా" అన్నట్టు చూసింది. తర్వాత అతన్ని అడిగింది, "నువ్వు ఎవరబ్బాయివి?"

చెప్పాడు.

"మీ నాయనమ్మా నేనూ ఒకే బెంచీ. ఆవిడ దస్తూరీ నాదానికన్నా బాగుండేది."

అతను ఇంజను ఆపి దిగాడు. జేబులోంచి తాళంచెవి తీశాడు. "తాళం తీయడం, వేయడం నా పని. ఎంతసేపు తీసి ఉంచాలో నాకెవరూ చెప్పలేదు" అన్నాడు.

మర్నాడు మళ్ళీ తాళం పడింది. అర్జీ ఇంకా కౌన్సిల్లోనే ఉంది. నేను ప్రతి వారం వెళ్ళి అడుగుతున్నాను. న్యాయాధిపతిని విసిగించిన విధవరాలిలా అడుగుతూనే ఉంటాను. తీసేదాకా ఊరుకునేది లేదు.

కానీ ఆ గురువారం నాకు చాలు. దారి ఒక్క లారీకే సరిపోతుంది. ముందు ఆవిడ, ముదురు నీలం కోటు, దారి మధ్యలో చక్రాల స్టాండు తోసుకుంటూ ఎక్కుతోంది. వెనక ఖాళీ కలప లారీ, మనిషి నడకకన్నా నెమ్మదిగా, హారను లేకుండా. ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా అది కూడా ఆగింది.