ప్రయోగశాల గుమ్మం దాకా వెళ్ళిన సీసా

నర్సుగా నా మొదటి ఉద్యోగం రాజమండ్రిలో, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. తొంభైల చివరి మాట. నేను చేరిన నాలుగో నెలలో ఆడవాళ్ళ వార్డుకి మండపేట నుంచి ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఉప్పుడు బియ్యం మిల్లులో పని. ఉడికిన వడ్లు కళ్ళంలో ఆరబోసి, ఎండలో కాళ్ళతో తిరగేస్తూ ఉండాలి. మూడు వారాలుగా వదలని జ్వరం. మందులు వేస్తే రెండు రోజులు తగ్గి, మళ్ళీ వస్తోంది. తోడుగా వాళ్ళమ్మ వచ్చింది.

డాక్టరు గారు ఆమె గుండె దగ్గర స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. కొత్త మందు మొదలుపెట్టే ముందే, రక్తంలో ఏ సూక్ష్మజీవి ఉందో తేల్చే కల్చర్ పరీక్షకి మూడుసార్లు రక్తం తీయమన్నారు.

"మందెయ్యకుండా ముందు రక్తం తీత్తారేంటండీ?" అంది తల్లి.

"మందు పడితే రోగం పురుగు రిపోర్టులో దొరకదమ్మా, అందుకని" అన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు.

మొదటిసారి హెడ్ సిస్టర్ గారే తీశారు, నన్ను పక్కన నిలబెట్టుకుని. "నరం ముందే చూసిపెట్టుకో. స్పిరిట్, తరవాత అయోడిన్ రాసి, అది ఆరేదాకా ఆగు. రాసినచోట మళ్ళీ వేలు పెట్టావంటే నీ చేతి మీదున్నదే సీసాలో పెరుగుతుంది" అన్నారు. రెండోది నన్ను తీయమని పై అంతస్తుకి వెళ్ళిపోయారు.

రెండో చేతి నరం సన్నగా ఉంది. పట్టీ బిగించి, వేలితో వెతికి గుర్తుపెట్టుకున్నాను. రెండు మందులూ రాశాను, ఆరనిచ్చాను. తీరా సూది పట్టుకున్నాక నరం ఎక్కడో తెలియలేదు. ఒక్క క్షణం. ఎడమచేతి చూపుడువేలు దానంతటదే వెళ్ళి అక్కడ నొక్కింది. నరం దొరికింది. గుచ్చగానే రక్తం వచ్చింది. సీసా మూత తుడిచి, అందులోకి ఎక్కించి, చీటీ అంటించి బయల్దేరాను.

ఎవరూ చూడలేదు. అయినా ప్రయోగశాల గుమ్మం దగ్గర ఆగిపోయాను. లోపలున్న టెక్నీషియన్ చెయ్యి చాచి, "ఇవ్వండి సిస్టర్" అన్నాడు. "ఇప్పుడే వస్తాను" అని సీసాతో వెనక్కి తిరిగాను.

హెడ్ సిస్టర్ గారికి మెట్ల దగ్గర ఎదురుపడి, జరిగింది చెప్పాను. తిడతారనుకున్నాను. ఆవిడ సీసా తీసుకుని, "ఇది పనికిరాదు. మళ్ళీ తియ్యి. ఎందుకు తీస్తున్నావో వాళ్ళకి నువ్వే చెప్పు" అన్నారు.

చెప్పాను. తల్లి మంచం మీంచి లేచింది.

"పిల్ల ఒంట్లో రక్తమెక్కడుందమ్మా? నీ పొరపాటుకి దాన్ని మళ్ళీ పొడుత్తావా?"

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మంచం మీదున్నామె నా వైపే చూస్తోంది.

"అదే ఇచ్చేత్తే ఏమయ్యేదండీ?" అని అడిగింది.

"నా చేతి మీదున్న పురుగు మీ రక్తంలోదనుకుని, దానికి మందు ఇచ్చేవారేమో. మీ జబ్బు అలాగే ఉండిపోయేది."

ఆమె చెయ్యి చాపింది. "అమ్మా, నువ్వలా కూకో. సెప్పింది గదా. సెప్పకపోతే మనకేం తెలుత్తుంది?"

ఈసారి హెడ్ సిస్టర్ గారు మంచం చివర నిలబడ్డారు. మోచేతికి కింద ఇంకో నరం వెతికాను. మందు రాసి ఆరేదాకా ఆగాను. ఆగినంతసేపూ ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకోవడం ఆమె చూసింది.

"కొత్తా అండీ?" అంది.

"నాలుగు నెలలైంది."

"నేను మిల్లులో చేరిన కొత్తలో కాళ్ళు బొబ్బలెక్కిపోయి ఏడ్చేదాన్ని" అంటూ, కదలకుండా ఉండడానికి రెండో చేత్తో మంచం కమ్మీ పట్టుకుంది. ఒక్కసారికే రక్తం వచ్చింది. సాయంత్రంలోపు మూడోదీ నేనే తీశాను. ఆ వెంటనే మందు మొదలుపెట్టారు.

మూడో రోజుకి రిపోర్టు వచ్చింది. మూడు సీసాల్లోనూ ఒకే సూక్ష్మజీవి. అది గుండె కవాటం మీద చేరిందని డాక్టరు గారు తల్లికి నెమ్మదిగా చెప్పి, దానికి సరిపడే ఇంజెక్షన్‌కి మార్చారు. అయిదారు రోజులకి జ్వరం దిగింది. ఇంజెక్షన్లు మాత్రం నెల దాటి సాగాయి. ఆ నెలంతా తల్లి నాతో ముభావంగానే ఉంది. నేను ట్రే పట్టుకుని వస్తే మొహం కిటికీ వైపు తిప్పుకునేది. నాకు కోపం రాలేదు. ఆవిడ స్థానంలో మా అమ్మ ఉన్నా అంతే.

కొన్ని నెలల తరవాత ఆమె చూపించుకోవడానికి వచ్చి, వార్డు దాకా వచ్చి నన్ను పలకరించింది. కొంచెం ఒళ్ళు చేసింది. గుండె పూర్తిగా బాగుపడలేదట, బరువులు మొయ్యొద్దన్నారట. మిల్లులోనే బస్తాల మూతులు కుట్టే పనికి మారానంది.

"నీడపట్టున కూకునే పనేనండి" అని నవ్వింది. తల్లి ఆ రోజు రాలేదు.