కోటేశ్వరమ్మ టీచర్ ఎక్కాల వరస

తెనాలి స్టేషన్‌లో బాపట్ల వైపు బండి కోసం నిలబడ్డాను. పక్క బెంచీ మీద ఒక తల్లి కూతురికి జడ వేస్తూ ఎక్కం చెప్పిస్తోంది. "పదమూడు రెళ్ళు ఇరవై ఆరు" అని ఆ పిల్ల రాగం తీయగానే నాలోని పాత కుళ్ళు కదిలింది. కోటేశ్వరమ్మ టీచరుగారు రిటైరై రేపల్లెలో హాయిగా ఉన్నారు. ఆవిడ మీద నా అసూయ మాత్రం ఇంకా రిటైర్ కాలేదు.

సూర్యలంక దారిలోని ఒక చిన్న బడిలో నాకు మొదటి ఉద్యోగం. బట్టీ చదువుల్ని తుడిచిపెట్టేద్దామని వెళ్ళాను. చింతపిక్కలు, అట్టముక్కలు, గుంపులుగా కూర్చోబెట్టి ఆటలు. ఎక్కాన్ని పిల్లలే పేర్చి కనుక్కోవాలి, అప్పజెప్పకూడదు. అక్కడి సీనియర్ అయిన కోటేశ్వరమ్మగారి పద్ధతి వేరు. సాయంత్రం ఇంటి గంటకు ముందు బడి మొత్తాన్నీ వరండాలో వరసగా నిలబెట్టేవారు. ఒక పిల్ల ముందు నిలబడి ఎక్కం చెబితే మిగతావాళ్ళు అందుకోవాలి. ఆవిడ వెనక గోడకు ఆనుకుని కళ్ళు మూసుకునేవారు. ఈవిడ కునుకు తీస్తుంటే పిల్లలు చిలకల్లా అరుస్తున్నారు అనుకునేదాన్ని. అయినా ఆ పిల్లలు నా ఆటలు వదిలి ఆవిడ వరండాకే పరుగెత్తేవాళ్ళు. ఒళ్ళు మండిపోయేది.

నా పట్టుదలంతా దుర్గ మీద. సముద్రంలో వేటకు వెళ్ళేవాళ్ళ పిల్ల, బడిలో నోరు విప్పి ఎరుగదు. దాని చేత ఒక్క మాట పలికిస్తే నా పద్ధతి గెలిచినట్టేనని మొండిగా అనుకున్నాను. పిక్కలు చక్కగా పేర్చేది. "ఎన్నమ్మా?" అంటే తల దించుకునేది. వానాకాలమంతా అలాగే గడిచింది. ఒక సాయంత్రం కోటేశ్వరమ్మగారు కళ్ళు తెరవకుండానే, "దుర్గా, ఇయ్యాల నువ్వు చెప్పించవే" అన్నారు. దుర్గ ముందుకొచ్చి ఏడో ఎక్కం గడగడా చెప్పింది. సంతోషించాల్సింది పోయి నాకు ఏడుపొచ్చింది.

పిల్లలు వెళ్ళగానే, "నా దగ్గర ఎందుకు మాట్లాడదండి?" అని అడిగేశాను.

"నువ్వు ఒక్కదాన్నే అడుగుతావమ్మాయ్. తప్పుపోతే అందరూ చూస్తారని దాని భయం. గుంపులో అరిస్తే ఎవరి తప్పు ఎవరికి వినపడుద్ది? దాని గొంతు రోజూ కాస్త కాస్త లేస్తానే ఉంది, వింటన్నా."

"అర్థం తెలియకుండా అరిస్తే ఏం లాభమండి?" నా మాటలోని పుల్లవిరుపు నాకే వినిపించింది.

ఆవిడ చెప్పులు వేసుకోబోతూ ఆగారు. "నా ఏడుపూ అదేలే. నిన్న వాళ్ళమ్మ కనపడింది. ఇంటికాడ తమ్ముడికి పిక్కలు పేర్చి, ఏడు మూళ్ళు ఎందుకు ఇరవయ్యొకటో చెప్తందంట. కొత్త టీచర్ నేర్పిందని గొప్ప. ఇన్నేళ్ళు చెప్పించా, నా ఎక్కం ఒక్కళ్ళూ అట్టా విప్పి చూపించలా. నాకు మాత్రం కడుపు మండదా ఏంటి?"

ఇద్దరం ఆటో కోసం ఎడమొహం పెడమొహంగా నిలబడ్డాం. మర్నాడు ఆవిడ నా చింతపిక్కల డబ్బా అడిగి తీసుకున్నారు. మళ్ళీ ఇవ్వలేదు.

నిరుడు ఆవిడ రిటైరయ్యారు, ఇప్పుడు ఆ వరండా నాది. పగలు పిక్కలు, సాయంత్రం ఎక్కాలు. గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంటే, నోరు మెదపని పిల్ల ఏ వరసలో ఉందో నాకూ కొంచెం కొంచెం తెలుస్తోంది. మొన్న ఎక్కాలయ్యాక దుర్గ నా పక్కకొచ్చి నిలబడింది. ఈ మధ్య దాని నోటికి అడ్డే లేదు.

"కోటేశ్వరమ్మ టీచరైతే ఇంకా గట్టిగా చెప్పించేవోరు మేడం" అంది.

మండింది. కళ్ళు మూసుకుని, "మళ్ళీ మొదట్నించీ అనండర్రా" అన్నాను.