వదిన బొట్టు పెట్టిన జాలీ

మొన్న మంగళవారం పొద్దున మా వదిన పోయింది. చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకి ఆనుకుని కూర్చుందట. కోడలు వచ్చి పిలిస్తే పలకలేదు. ఎల్బీ నగర్‌లో మా షెడ్డున్న వీధి దాటితే ఆవిడ ఎవరికీ తెలియదు. కానీ మీరెప్పుడైనా జ్వరమొచ్చి బిళ్ళ మింగి ఉంటే, ఆ బిళ్ళ పొడి ఆవిడ చూసి సరేనన్న స్టీలు జాలీలోంచే జారి ఉండొచ్చు. ఆ లెక్కన మీకూ ఆవిడ కాస్త చుట్టమే.

నాకూ రక్తసంబంధమేమీ లేదు. మాది గుంటూరు వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురం, ఎల్బీ నగర్‌లో కిరాయి షెడ్డు. సన్న స్టీలు తీగతో నేసిన జాలీ చుట్టలు తెప్పించి, కత్తిరించి, రింగులకు బిగించి, మందుల కంపెనీలకీ నూనె మిల్లులకీ ఫిల్టర్లు చేసి ఇవ్వడం మా ఆయనదీ నాదీ పని. షెడ్డు యజమానిని మొదటి రోజే "అన్నయ్యగారూ" అన్నాను కాబట్టి ఆయన భార్య నాకు వదిన అయిపోయింది. "నా బండలు పలగ్గొడ్తున్నరా ఏంది?" అంటూ చూడ్డానికి వచ్చిన మనిషి, రోజూ రావడం మొదలుపెట్టి, చివరికి పనిలోనే కూర్చుండిపోయింది.

తయారైన ప్రతి ఫిల్టరునీ షెడ్డు గుమ్మంలో ఆకాశం వైపు ఎత్తి, ఒక కన్ను మూసి చూసేది. ఎక్కడైనా తీగ పక్కకి జరిగి ఉంటే వేలు పెట్టి చూపించేది. "పోనీలే వదినా, ఒక్కటేగా" అంటే ఒప్పుకునేది కాదు. "సందు ఒక్కటి పెద్దగైతే మిగిలినయన్ని మంచిగుండి ఏం ఫాయిద?" అనేది. బాగున్నదాని అంచుకి మాత్రం పసుపు బొట్టు పెట్టేది. పంపే ముందు ఎలాగూ కడిగేస్తాం కదా అని నేను నవ్వితే, "కొత్త గిన్నెకు బొట్టు పెట్టకుంట పొయ్యి మీద పెడ్తరా మీ దిక్కు?" అని నాకే ఎదురు ప్రశ్న. మిగిలిన జాలీ ముక్కలతో వీధిలో అందరికీ పిండి జల్లెడలు చేయించి పంచింది కూడా ఆవిడే. నా మాట మీద భలే వేళాకోళం. నేను మాట్లాడితే రేడియోలో వార్తలు చదివినట్టు ఉంటుందట.

ఇంతలో తెలంగాణ ఉద్యమం ముదిరింది. వదిన ఊరేగింపులకి వెళ్ళేది, రోడ్డు మీద బతుకమ్మ ఆడేది, గొంతు పోగొట్టుకుని తిరిగొచ్చి నా పక్కనే కూర్చుని చాయ్ తాగేది. ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు. మా ఆయనకి గుబులు పట్టుకుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు చూసొచ్చాడు. ఆవిడ కోరుకున్నది వస్తే నేను పరాయిదాన్నవుతానా అని నా బెంగ. వెళ్ళిపోతున్నామని చెప్పడం రేపు, ఎల్లుండి అని వాయిదా వేస్తూ వచ్చాను.

అలాంటి రోజుల్లోనే ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. బండ్లు ఆపేసి, నడిరోడ్డు మీద వండుకుని తినడం. ఆ పొద్దున షెడ్డుకి వెళ్తే, చౌటుప్పల్ మందుల కంపెనీకి చేసిన పెద్ద బుట్ట ఫిల్టరు కనపడలేదు. వీధిలో ఆడవాళ్ళు వంటకి గిన్నెలు పట్టుకెళ్ళారని తెలిసి పరుగెత్తాను. దారంతా నోరు విప్పకూడదని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. తీరా చూస్తే, తారురోడ్డు మీద రాళ్ళ పొయ్యి, దాని పక్కన మా బుట్ట, అందులో పొగలు కక్కే అన్నం, కింద ధారగా గంజి.

"అయ్యయ్యో, అది కంపెనీదండీ!" అని అరిచేశాను.

ఆ "అండీ"కి తలలన్నీ ఇటు తిరిగాయి. గుంపులోంచి వదిన వచ్చింది, బుట్టని చూసి తల పట్టుకుంది.

"బొట్టున్నది గదక్కా. వంటకే పెట్టినవనుకున్నం," అంది ఒకామె.

వదిన నవ్వీ నవ్వీ రోడ్డు మీదే కూలబడింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని అందరికీ చెప్పింది: "మా ఆడిబిడ్డ. గుంటూరు నుంచొచ్చింది. ఫిల్టర్ గీమెదే. మెతుకు ఒక్కటన్న జారిందానే?"

"జారలే."

"ఎట్ల జారుతది? నేను చూసిన గద!"

విస్తరి వేసి నన్ను కూర్చోబెట్టింది. అన్నం, పప్పు, పచ్చిపులుసు. రెండు ముద్దలు తిన్నాక ఏడుపొచ్చింది. విజయవాడ సంగతి అక్కడే చెప్పేశాను. ఆవిడ వడ్డించడం ఆపి నా ఎదురుగా కూర్చుంది.

"నిన్ను పొమ్మని ఎవ్వలన్నరు?"

"ఎవరూ అనలేదు వదినా. భయంగా ఉంది."

"నాకు రాష్ట్రం గావాలె. నువ్వు గూడ గావాలె. రెండు అడిగితే తప్పేంది?"

కడుపునిండా తిన్నాను. ఇంటికెళ్ళి మా ఆయనతో, వెళ్తే మీరొక్కరే వెళ్ళండి అన్నాను. ఆయన నా మొహం చూసి, ఒక్కణ్ణీ వెళ్ళి ఏం తినను అని ఊరుకున్నాడు. గంజి సందుల్లో పేరుకుంటుంది, మందుల కంపెనీకి పనికిరాదని వదినే తేల్చింది. ఇద్దరం కలిసి ఇంకోటి చేశాం. పాతది ఆవిడ వంటింటికి చేరి, వీధిలో ఎన్ని పెళ్ళిళ్ళకి అన్నం వార్చిందో!

రాష్ట్రం ఇస్తున్నట్టు ప్రకటన వచ్చిన సాయంత్రం బయట ఒకటే టపాసులు. నేను షెడ్డులో కూర్చున్నాను. మొహం నిండా గులాలుతో వదిన వచ్చింది. గుప్పిట్లో రంగు ఉంది. నా చెంప దాకా చెయ్యి తెచ్చి ఆగిపోయింది.

"నీకు జర బాధున్నది గదా పిల్లా?"

"ఉంది వదినా. కొంచెం."

"ఉండనీ," అని గుప్పిట్లోని రంగు పారబోసి, పక్కన కూర్చుంది. బయట నుంచి ఆడవాళ్ళు రమ్మని కేకేస్తే, "మీరు పోండ్రి, నేనొస్త" అంది. వెళ్ళలేదు. నేను చాయ్ పెట్టాను. తీరిగ్గా తాగింది. లేచేటప్పుడు మోకాళ్ళ నొప్పికి ఆసరాగా నా భుజం మీద చెయ్యి వేసి, ఒకసారి గట్టిగా నొక్కి వెళ్ళింది.

ఇంటికొచ్చాక మా ఆయన చూసి చెప్పాడు. నా తెల్ల రవిక భుజం మీద ఐదు వేళ్ళూ గులాబీ రంగులో అచ్చు పడి ఉన్నాయి.