సోడా సిస్టర్స్‌లో మూడో పిల్ల

అమగసాకి బజారు వీధిలో కొరొక్కేలు, అంటే ఆలుగడ్డ కట్లెట్లు, వేయించి అమ్మే చినాత్సు ఒకప్పుడు టీవీలో వెలిగిన మనిషి. నవ్వకండి, నిజమే. పందొమ్మిదేళ్లప్పుడు ఓ వినోదాల కార్యక్రమం వాళ్లు, పాటల పోటీలో ఓడిపోయిన ముగ్గురు ఆడపిల్లల్ని ఏరి, ‘సోడా సిస్టర్స్’ అని పేరు తగిలించి స్టేజీ ఎక్కించారు. పాట అమ్మకాల్లో మొదటి పదిలో ఉంటే సరేసరి, లేదంటే లైవులోనే జట్టు రద్దు. అదీ షరతు. మొదటి పాట దేశాన్ని ఊపేసింది. రెండోది పదకొండో స్థానంలో చతికిలబడింది. పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తుంటే యాంకర్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. వాళ్ల నవ్వులు తగలెయ్య!

తర్వాత చినాత్సు పెళ్లి చేసుకుని ఈ వీధికొచ్చింది. ఏటా ఆగస్టులో, పోయిన పెద్దల్ని తలుచుకునే బోన్ పండక్కి చెక్క మంచె కట్టి, దాని చుట్టూ అందరూ గుండ్రంగా తిరుగుతూ ఆడతారు కదా, అప్పుడు వేసే పాత పాటల మధ్య సోడా సిస్టర్స్ పాట కూడా దూరిపోయింది. ముసలమ్మలకి అదంటే ప్రాణం. "మా కోడలి పాట" అని మామగారు పోయేదాకా ఊరంతా చాటుకున్నాడు. చినాత్సు మాత్రం ఆ పాట మొదలవగానే మూకుడు దగ్గరికి జారుకునేది.

ఎందుకంటే అందులో ఆమె గొంతే లేదు. రికార్డింగు రోజున "నీకు శ్రుతి కుదరట్లేదమ్మా, ఊరికే పెదాలు కదుపు చాలు" అన్నాడు దర్శకుడు. ఈ ముక్క మొగుడికి కూడా చెప్పలేదు. ఇన్నేళ్లూ గుండెల మీద కుంపటే.

ఈ ఏడు సరిగ్గా ఆ పాట వంతు వచ్చేసరికి పాటలు వేసే పెట్టె మూగబోయింది. మైకు మాత్రం బాగానే ఉంది. బజారు సంఘం పెద్ద కురాతా గారు దాన్ని పట్టుకుని కొట్టు దగ్గరికి ఉరికాడు.

"పాడిన మనిషి మన వీధిలో ఉండగా పెట్టెతో పనేంటండీ! కానివ్వండి చినాత్సు గారూ!"

జనం చప్పట్లు. మైకు చినాత్సు చేతికొచ్చింది. పాడితే గుట్టు రట్టు, పాడకపోతే పొగరంటారు. అబద్ధం మోసీ మోసీ విసుగొచ్చిందేమో, మైకులోనే అనేసింది.

"ఆ గొంతు నాది కాదండీ. నేను పెదాలు కదిపానంతే. ఇన్నాళ్లూ మిమ్మల్ని మోసం చేశాను."

మొగుడు జల్లిగరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అప్పుడు మహిళా సంఘం ఫుసా బామ్మ, ఎనభై దాటిన మనిషి, విసనకర్ర నడుముకి దోపుకుని ముందుకొచ్చింది.

"ఓసి పిచ్చిమొహమా, నీ గొంతు ఎవరిక్కావాలే? మంచె చుట్టూ ఆడాలంటే రెండు చేతులూ కావాలి. వాళ్లిద్దరూ చేత్తో మైకు పట్టుకుని ఊరికే ఊగారు. నీ మైకు చొక్కాకి గుచ్చారు కాబట్టి చేతులు రెండూ ఆడించింది నువ్వొక్కదానివే. వీడియో టేపు తిప్పి తిప్పి నిన్ను చూసే నేర్చుకున్నామే మేమంతా! పాట మేం చూసుకుంటాం, మాకు నోళ్లు లేవా? ఎక్కు మంచె!"

ముసలమ్మలు తలో శ్రుతిలో పాట ఎత్తుకున్నారు. చినాత్సుకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ఉండండి బామ్మగారూ, చేతులకి నూనె. కడుక్కొస్తా."

"కడుగుళ్లు తర్వాత, ముందు ఎక్కవే!"

ఎక్కింది. ఆమె చేతులెత్తగానే కింద వీధి వీధంతా చేతులెత్తింది.