విలాయత్ ఉత్తరానికి పసుపు

డైరీ రాసేవాడికి ఒక పెద్ద ఇబ్బంది ఉంది. తన తెలివితక్కువ పనులకు తానే సాక్షి, తానే గుమాస్తా. యాభై ఏళ్ళుగా రాసిన నా డైరీల్లో ఒక్క పేజీ మాత్రం ఇప్పటికీ పచ్చగా ఉంటుంది. ఏర్గట్ల పసుపును ఓడెక్కించబోయి, రేవు చేరకముందే నేను ముంచినంత పని చేసిన రోజు అది. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ చివరిదాకా చదివి నవ్వండి.

అరవైల నాటి మాట. నిజామాబాద్ గంజ్‌లో కరీం సాబ్ అడ్తి దుకాణంలో నేను గుమాస్తాను. రైతులు తెచ్చిన పసుపును అమ్మిపెట్టడం మా పని. ఆ వరుసలో ఇంగ్లీషు టైపు కొట్టగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని నా నడకలో కూడా కొంచెం టైపు మిషను చప్పుడు ఉండేది.

ఒకరోజు బొంబాయి దళారీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. విలాయత్‌లో మసాలా పొడులు చేసే కంపెనీ ఒకటి మంచి రంగున్న పసుపు వెతుకుతోందట. నమూనా కొమ్ములు ఒక సంచిలో, వివరాలు టైపు కొట్టి వేరే కవరులో పంపమన్నాడు. కవరు అతను విప్పకుండానే విమానంలో పంపుతాడు.

కరీం సాబ్ ఏర్గట్ల లింగన్న సరుకును ఎంచాడు. లింగన్న ఆ సాయంత్రమే ఊరంతా చాటేశాడు. "మా పసుపు సముద్రం దాటుతది. దొరలు మా కూర తింటరు!" అప్పటిదాకా తన చేను మీది మబ్బు తప్ప మరో మబ్బు చూడని మనిషి, మర్నాటి నుంచి నన్ను పట్టుకుని, "రాజన్నా, విలాయత్ల వానలు మంచిగ పడ్డయా?" అని అడగసాగాడు.

టపాకివ్వాల్సిన రోజు పొద్దున్నే డైరీలో పట్టీ రాసుకున్నాను. నమూనా, ఉత్తరం, నకళ్ళు, కవరు, లక్క ముద్ర. కొమ్ములు ఏరి సంచిలో పోసి, 'నమూనా' పక్కన టిక్కు పెట్టాను. నా పద్ధతి ఏమిటంటే, ఒకసారి టిక్కు పడితే బ్రహ్మదేవుడు వచ్చినా మళ్ళీ చూడను.

ఉత్తరం టైపు అయింది. లింగన్న కాగితాన్ని ఇటూ అటూ తిప్పి మొహం చిట్లించాడు.

"గిదేంది రాజన్నా, మూలలకు పసుపేది?"

"ఇది వ్యాపారం ఉత్తరం, లింగన్నా."

"పసుపు లేకుంట ఉత్తరం పోతె ఏమంటరు? ఎవరో సచ్చిండ్రనుకుంటరు! మొదటిపారి దేశం దాటే శుభం ముచ్చట. నీకు తెలివి లేదా?"

నిజమే కదా అనిపించింది. తీరా చూస్తే గుట్టలకొద్దీ పసుపున్న మా దుకాణంలో చిటికెడు పొడి లేదు. బస్తాలన్నీ నోళ్ళు కుట్టి ఉన్నాయి. నోరు తెరిచి ఉన్నది నమూనా సంచి ఒక్కటే. ఒక కొమ్ము తీసి దంచి, నీళ్ళు కలిపి ఉత్తరం నాలుగు మూలలకూ రాశాను.

"నకళ్ళేం పాపం చేసినయి?" అన్నాడు లింగన్న.

ఇంకో నాలుగు కొమ్ములు. తర్వాత చేతికందిన కొమ్మునల్లా దంచి కవరు లోపల, బయట. పెళ్ళికూతురికి కూడా అంత మందంగా నలుగు పెట్టరు. ఇంతలో టపా వేళ మించిపోతోందని కరీం సాబ్ కేకేశాడు. పట్టీ చూశాను. ముద్ర తప్ప అన్నిటికీ టిక్కులున్నాయి. సంచిలోకి చూడకుండానే మూతి కట్టి, ముద్ర వేసి, పరుగున టపాకిచ్చి వచ్చాను. పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికూతుర్ని ఇంట్లో వదిలేశానని నాకేం తెలుసు?

వారం తిరగకముందే బొంబాయి దళారీ నుంచి తంతి వచ్చింది. కవరు విమానమెక్కింది, సంచి ఖాళీ, మళ్ళీ పంపడానికి గడువు లేదు.

"ఖాళీ సంచి అంపినవా మియా!" కరీం సాబ్‌కు కోపం నెత్తికెక్కింది. "విలాయతోళ్ళు కూరల సంచిగుడ్డ ఏసుకుంటరా?"

"టిక్కు పెట్టిన సాబ్..."

"మరి ఆ టిక్కునే అంపితే అయిపోవు!"

లింగన్న మాత్రం తిట్టలేదు. బస్తా మీద కూలబడ్డాడు. "ఊరంత చెప్పిన రాజన్నా. ఇప్పుడు ఏ మొఖం పెట్టుకొని పోవాలె?" ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది. మూడు వారాలు అతను ఊళ్ళోకి పొద్దుగూకాకే, పెరటి దారిన పోయాడట.

తర్వాత విలాయత్ నుంచి జవాబు వచ్చింది. విప్పి, తెలుగులో చదివి వినిపించాను. "నమూనాను కాగితం మూలలకు పూసి పంపే మీ పద్ధతి మాకు కొత్త. మూలలు కత్తిరించి పరీక్షించాము. ఇంత చక్కని రంగు మాకు వచ్చిన మరే నమూనాలోనూ లేదు. సరుకు పంపండి. అయితే దయచేసి సరుకును మాత్రం బస్తాల్లోనే పంపగలరు."

కరీం సాబ్ నవ్వి నవ్వి టోపీ పడేసుకున్నాడు. లింగన్న లేచి తలపాగా బిగించాడు. "సూసిండ్రా? పసుపు పెట్టకుంటె దొరలు గూడ ఒప్పుకోరు. అందుకే చెప్పిన!"

బస్తాలు రైలెక్కిన రోజు వాటిపై ఇంగ్లీషులో 'ఏర్గట్ల' అని రాసింది ఈ చేతులే. ఆ రోజు నా ఛాతీ ఏ బస్తాకూ తీసిపోలేదు. ఏడు సముద్రాల అవతల ఎవరి గిన్నెలోనో మా మట్టి రంగు!

ఇల్లలకగానే పండుగ కాదు, టిక్కు పెట్టగానే పని కాదు. కనుక పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దేశానికి పసుపు పంపినా ముందు సంచిలో పసుపు పోస్తాను, ఆ తర్వాతే శుభం కోరతాను.