నరం దొరికిన రోజు

ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదనుకునేదాన్ని. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ముగించి, పుప్పాలగూడలో కిరాయి గదిలో దిగి, సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఆరోగ్య పరీక్షలకు రక్తం తీసే ఉద్యోగంలో చేరిన మొదటి వారం, మెడలో ఐడీ కార్డు వేసుకుని అద్దం ముందు మూడుసార్లు తిరిగాను కూడా. మా సీనియర్‌ను అందరం సూదక్క అనేవాళ్లం (ఆవిడ లేనప్పుడు). ఆవిడ నియమం ఒక్కటే: రోజులో రెండు చేతులు చెడగొట్టినవాళ్లు, అంటే గుచ్చి రక్తం తీయలేకపోయినవాళ్లు, ఇక సూది ముట్టకూడదు, నెలంతా సీసాలకు పేర్లు అంటించాలి.

ఒకరోజు ఒక ఆఫీసులో పొద్దున్నే ఒక చెయ్యి చెడగొట్టేశాను. తర్వాత ఒక మేనేజర్ గారు వచ్చి కూర్చున్నారు. పరగడుపున రమ్మంటే మంచినీళ్లు కూడా మానేసి వచ్చారాయన, పైగా ఏసీ చలి. చేతిలో నరం ఆనవాలే లేదు. మోచేతి మడతలో వెతగ్గా వెతగ్గా లోతుగా ఏదో టకటకా కొట్టుకుంటూ వేలికి తగిలింది. "దొరికింది సార్! మస్తు జోరు మీదుంది!" అని సూది ఎత్తాను.

సూదక్క వెనక నుంచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "ఏందే పిల్లా, ఆగు! కొట్టుకునేది ధమని. గుండె తోసిన రక్తం అండ్లకెళ్లి జోరుగ పోతది. దాన్ని పొడిస్తే ఆయన పరేషాన్, నువ్వు పరేషాన్. మనకు గావాల్సింది తిరిగి గుండెకు పోయే సిర. అది కొట్టుకోదు, ఒత్తితే మెత్తగ లేస్తది."

మేనేజర్ గారి మొహం పాలిపోయింది. "మీరిద్దరూ తేల్చుకోండమ్మా, ఈలోగా నేను మీటింగుకి వెళ్లొస్తానండి" అని లేవబోయారు. ఆయన వెళ్లిపోతే రెండో చెయ్యీ చెడినట్టే, నా నెల సీసాల పాలే. గబగబా రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు తాగించి, చెయ్యి కిందికి వేలాడదీయించి, ఆయన కదలకుండా ఉండడానికి పాఠం మొదలుపెట్టాను (అయిదు నిమిషాల కింద ధమనిని పొడవబోయింది నేను కానట్టే). "ధమని గోడ మందముంటది సార్, గుండె జోరుకు తట్టుకోవాలె గద. సిర గోడ పల్చన. కాళ్లు చేతులల్ల ఉన్న సిరలల్ల రక్తం ఎనకకు జారకుండ చిన్న చిన్న తలుపులుంటయి. రెండిటి నడుమ వెంట్రుక కన్న సన్నటి కేశనాళికలు. ప్రాణవాయువు ఒంటికి అందేది ఆడనే." వరసలో ఉన్నవాళ్లు ఫోన్లు దించి మరీ విన్నారు. ఇంతలో వేలికింద ఒకటి మెత్తగా లేచింది. కొట్టుకోవడం లేదు. ఒక్క పోటుకే సీసాలోకి ముదురెరుపు రక్తం వచ్చేసింది. "ఎప్పుడు గుచ్చుతారండి?" అన్నారాయన, కళ్లు గట్టిగా మూసుకునే.

అందరూ వెళ్లాక సూదక్క ఆ కుర్చీలోనే కూర్చుని చొక్కా చెయ్యి మడిచింది. తన చేతికి సూది వెయ్యడానికి మాలో ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదావిడ. "షుగర్ చూపిచ్చుకోక చాన రోజులాయె. జర తియ్యి" అంది, మొహం అటు తిప్పుకోకుండా.

ఇప్పుడు కొత్తవాళ్లకు నేర్పేది నేనే. ఆ రోజు సూదక్క చెయ్యి పట్టుకుని, ఈ ఊళ్లో నన్ను మించిన టెక్నీషియన్ లేదని పొంగిపోయిన ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. అంత గర్వం మాత్రం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.